‘స్ట్రీట్ ఫైటర్ 6’: అధికారిక అప్‌డేట్ తర్వాత మాడ్‌లను తిరిగి అమర్చుకోవడం ఎలా?

కంప్యూటర్‌లో ఫైటింగ్ గేమ్‌లు ఆడుతూ వాటికి సొంత మార్పులు చేసుకునేవారికి అధికారిక అప్‌డేట్ విడుదలయ్యే రోజు ఉత్సాహంతో పాటు చిక్కులనూ తెస్తుంది. కొత్త యోధుడు వస్తాడు, పాత మార్పులు పనిచేయడం మానేస్తాయి. గేమ్ తెరుచుకున్న వెంటనే మూతపడటం, నల్లని తెర దగ్గరే ఆగిపోవడం, పాత్ర శరీరంలో కొంత భాగం కనిపించకపోవడం ఇందులో సాధారణ లక్షణాలు. ఇవి కనిపించగానే చాలామంది గేమ్‌ను పూర్తిగా తొలగించి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటారు. సుమారు 60 గిగాబైట్ల స్థలం కోరే గేమ్ విషయంలో ఇది డేటాను, సమయాన్ని వృథా చేసుకోవడమే. పైగా దానివల్ల సమస్య తీరుతుందన్న హామీ కూడా లేదు. బయటి నుంచి తెచ్చి పెట్టిన ఫైళ్లు గేమ్‌ను తొలగించినా ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతాయి.

అప్‌డేట్ తర్వాత మాడ్‌లు చెడిపోవడం వెనుక ఉన్న కారణం తెలిస్తే వాటిని సరిచేసే వరుసా సులభంగా అర్థమవుతుంది. జపాన్ సంస్థ క్యాప్‌కామ్ రూపొందించిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’ను ఉదాహరణగా తీసుకుని ఆ కారణాలను, క్రమాన్ని, పాటించవలసిన హద్దులను ఇక్కడ వివరిస్తున్నాం.

మాడ్ అంటే ఏమిటి?

‘మాడ్’ అనేది ‘మాడిఫికేషన్’ అనే మాటకు కుదించిన రూపం. గేమ్‌ను తయారు చేసిన సంస్థతో సంబంధం లేని వ్యక్తులు, అందులోని బొమ్మలు, శబ్దాలు, దుస్తులు, వేదికలు లేదా పనితీరును మారుస్తూ రూపొందించే ఫైళ్ల సముదాయమే మాడ్. వీటిని తయారు చేసేవారిలో అత్యధికులు స్వచ్ఛందంగా పనిచేసే ఔత్సాహికులు.

‘స్ట్రీట్ ఫైటర్ 6’ 2023 జూన్ 2న విడుదలైంది. క్యాప్‌కామ్ సొంతంగా అభివృద్ధి చేసుకున్న ‘ఆర్ఈ ఇంజిన్’పై ఇది నడుస్తుంది. ‘రెసిడెంట్ ఈవిల్’ వరుసలోని ఇటీవలి గేమ్‌లకూ అదే ఇంజిన్ ఆధారం కావడంతో, వాటికోసం ఔత్సాహికులు అప్పటికే సిద్ధం చేసుకున్న పనిముట్లు ఈ గేమ్‌కూ ఉపయోగపడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది మాడ్‌లను చేర్చి, తీసివేసే ‘ఫ్లఫీ మాడ్ మేనేజర్’. రెండోది గేమ్ నడుస్తున్నప్పుడే దాని పనితీరులో జోక్యం చేసుకునే ‘ఆర్ఈ ఫ్రేమ్‌వర్క్’.

పనితీరును బట్టి ఈ గేమ్ మాడ్‌లను మూడు తరగతులుగా చూడవచ్చు. పాత్ర దుస్తుల రంగును, వాటిపై ఉండే చిత్రాలను మార్చేవి మొదటి తరగతి. పాత్ర శరీరాకృతిని, దుస్తుల నిర్మాణాన్ని మార్చేవి రెండోది. శిక్షణ విభాగంలో దెబ్బ తగిలే పరిధిని గీతలతో చూపడం, కెమెరాను స్వేచ్ఛగా తిప్పడం వంటి అదనపు పనులు చేసేవి మూడోది. అప్‌డేట్ వచ్చినప్పుడు వీటిలో ఏవి నిలుస్తాయి, ఏవి చెడతాయి అన్నది ఈ తేడాపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

అప్‌డేట్ వస్తే మాడ్ ఎందుకు చెడిపోతుంది?

పాత తెలుగు పుస్తకాల చివర కనిపించే తప్పొప్పుల పట్టికతో దీన్ని పోల్చవచ్చు. ‘112వ పుటలో ఆరో పంక్తిని ఇలా చదువుకోవాలి’ అని పట్టిక చెబుతుంది. పుస్తకం కొత్త కూర్పు వచ్చి పుటల సంఖ్యలు మారిపోతే ఆ పట్టికలోని సవరణ సరైనదే అయినా, అది చూపే చోటు మాత్రం తప్పవుతుంది. మాడ్ కూడా అలాంటి సవరణే. ‘ఈ పేరున్న, ఈ స్థానంలో ఉన్న ఫైలు బదులు నన్ను చదువు’ అని అది గేమ్‌కు చెబుతుంది. అధికారిక అప్‌డేట్ కొత్త కూర్పు లాంటిది.

సాంకేతికంగా జరిగేది ఇది. ఆర్ఈ ఇంజిన్ గేమ్‌లలో వేలాది చిన్న ఫైళ్లు ‘ప్యాక్’ అనే పెద్ద మూటలలో ఉంటాయి. ప్రతి మూటకూ ఒక సూచిక ఉంటుంది. అధికారిక అప్‌డేట్ వచ్చినప్పుడు అసలు మూటపైన ‘ప్యాచ్’ పేరుతో, వరుస సంఖ్యతో కొత్త మూటలు చేరతాయి. ఒకే ఫైలు రెండు చోట్లా ఉంటే గేమ్ పెద్ద సంఖ్య గల మూటలోని దాన్నే స్వీకరిస్తుంది.

మాడ్ ఫైళ్లు సాధారణంగా ఈ మూటల్లోకి వెళ్లవు. గేమ్ ఫోల్డర్‌లో ‘నేటివ్స్’ అనే పేరుతో ఉండే విడి ఫోల్డర్‌లో చేరతాయి. గేమ్ వాటిని చదవాలంటే మూటలోని అసలు ఫైలు దానికి కనబడకూడదు. మాడ్ మేనేజర్ ఆ మూట సూచికలో సంబంధిత పద్దును చెల్లనిదిగా మార్చి ఈ పని చేస్తుంది. అప్‌డేట్ వచ్చాక కొత్త మూటలో అదే ఫైలు మళ్లీ చెల్లుబాటు అయ్యే రూపంలో ప్రత్యక్షమవుతుంది. అప్పుడు మాడ్ ఫైలు ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నా గేమ్ దాన్ని పట్టించుకోదు. ‘మాడ్ ఉంది, కానీ కనిపించడం లేదు’ అనే సమస్యకు సాధారణ కారణం ఇదే.

గేమ్ అసలు తెరుచుకోకపోవడానికి కారణం వేరు. ఆర్ఈ ఫ్రేమ్‌వర్క్ ‘డీఇన్‌పుట్8.డీఎల్ఎల్’ అనే ఒకే ఫైలు రూపంలో గేమ్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. గేమ్ మొదలైనప్పుడు కంప్యూటర్ మెమరీలో నిర్దిష్ట నిర్మాణాలను వెతుక్కుని వాటికి అతుక్కుంటుంది. అప్‌డేట్‌తో ఆ నిర్మాణాల స్థానాలు మారితే వెతికినవి దొరకవు, దొరికినవి వేరేవి కావచ్చు. ఫలితంగా గేమ్ మూతపడుతుంది. కాబట్టి అప్‌డేట్ రోజు గేమ్ అసలే తెరుచుకోకపోతే మొదట అనుమానించవలసినది ఈ ఫైలునే. దుస్తుల మాడ్‌ల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

ఏ అప్‌డేట్ దేన్ని దెబ్బతీస్తుంది?

అన్ని అప్‌డేట్‌ల ప్రభావమూ ఒకేలా ఉండదు. చిన్న లోపాలను సవరించే అప్‌డేట్ల తర్వాత రంగులు, చిత్రాలు మార్చే మాడ్‌లు చాలావరకు యథాతథంగా పనిచేస్తాయి. కొత్త పాత్ర, కొత్త దుస్తులు వచ్చినప్పుడు వాటికి సంబంధించిన ఫైళ్లతో పాటు, అన్ని పాత్రల జాబితాలను కలిగి ఉండే ఉమ్మడి ఫైళ్లు కూడా మారతాయి. అలాంటి ఉమ్మడి ఫైలును తాకే మాడ్ ఒక్కటి పాతదిగా మిగిలినా, కొత్త పాత్ర కనిపించకపోవడం వంటి చిక్కులు వస్తాయి.

బ్యాలెన్స్ అప్‌డేట్‌లు మరింత లోతైనవి. 2024 మే 22న అకుమా పాత్రతో పాటు వచ్చిన అప్‌డేట్‌లో మిగతా పాత్రల దెబ్బల వేగం, బలం వంటి లక్షణాలనూ సవరించారు. అటువంటి సందర్భంలో పోరాట లెక్కలను చదివే, చూపే మాడ్‌లు తప్పుడు సమాచారం ఇవ్వవచ్చు.

అన్నిటికన్నా తీవ్రమైనది ఇంజిన్‌నే మార్చే అప్‌డేట్. 2022 జూన్‌లో ‘రెసిడెంట్ ఈవిల్ 2’, ‘రెసిడెంట్ ఈవిల్ 3’, ‘రెసిడెంట్ ఈవిల్ 7’ గేమ్‌లకు క్యాప్‌కామ్ కొత్త గ్రాఫిక్స్ సాంకేతికతతో అప్‌డేట్ ఇచ్చినప్పుడు పాత మాడ్‌లు పెద్దఎత్తున పనికిరాకుండా పోయాయి. కొందరి కంప్యూటర్ల సామర్థ్యం కూడా కొత్త రూపానికి చాలలేదు. ఫిర్యాదులు రావడంతో, కోరుకున్నవారు పాత రూపానికి తిరిగి వెళ్లే వీలును సంస్థ స్టీమ్‌లో కల్పించింది. అయితే అవి ఒంటరిగా ఆడుకునే గేమ్‌లు. ఫైటింగ్ గేమ్‌లో ఆ వెసులుబాటు అంతగా ఉపయోగపడదు. ఆన్‌లైన్‌లో పోటీ పడాలంటే ఇద్దరి కంప్యూటర్లలోనూ ఒకే తాజా వెర్షన్ ఉండి తీరాలి.

అప్‌డేట్‌కు ముందు చేయవలసినవి

కొత్త పాత్రల విడుదల తేదీలను క్యాప్‌కామ్ ముందే ప్రకటిస్తుంది కాబట్టి సిద్ధపడే వ్యవధి ఉంటుంది. ఆ తేదీకి ముందే మాడ్ మేనేజర్ తెరిచి అన్ని మాడ్‌లనూ తీసివేయడం ఉత్తమం. అప్పుడు మేనేజర్ తాను మార్చిన సూచికలను యథాస్థితికి తెస్తుంది. అప్‌డేట్ శుభ్రమైన ఫైళ్లపై పడుతుంది.

స్టీమ్‌లో గేమ్ ‘ప్రాపర్టీస్’లోని ‘అప్‌డేట్స్’ విభాగంలో, గేమ్‌ను తెరిచినప్పుడే అప్‌డేట్ చేయాలన్న ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే, తెలియకుండా వెనుక నుంచి అప్‌డేట్ జరిగిపోయే అవకాశం తగ్గుతుంది. అయితే అప్‌డేట్‌ను శాశ్వతంగా నిలిపివేసే ఎంపిక అక్కడ ఉండదు.

మాడ్‌ల అసలు జిప్ ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌కు బయట వేరే చోట భద్రపరచుకోవాలి. ఏ మాడ్ ఏ తేదీ నాటిదో ఒక కాగితంపైనైనా రాసిపెట్టుకుంటే, తర్వాత పాతదేదో కొత్తదేదో తేల్చుకోవడం తేలిక. స్టీమ్ ‘యూజర్‌డేటా’ ఫోల్డర్‌లో 1364780 అనే సంఖ్యతో ఉండే ఉప ఫోల్డర్ ఈ గేమ్‌కు సంబంధించినది. దానికీ ఒక నకలు తీసుకోవడం మంచిది.

అప్‌డేట్ తర్వాత: ఆరు మెట్లు

ముందుగా సిద్ధపడినా, పడకపోయినా ఈ వరుస వర్తిస్తుంది. వరుస తప్పకపోవడమే ఇందులో కీలకం.

1. అధికారిక అప్‌డేట్ పూర్తిగా దిగేవరకు ఆగాలి. ఆ సమయంలో గేమ్‌ను గానీ, మాడ్ మేనేజర్‌ను గానీ తెరవకూడదు.

2. స్టీమ్‌లో గేమ్ పేరుపై కుడి క్లిక్ చేసి, ‘మేనేజ్’లో ‘బ్రౌజ్ లోకల్ ఫైల్స్’ ద్వారా గేమ్ ఫోల్డర్‌ను తెరవాలి. అందులోని ‘నేటివ్స్’ ఫోల్డర్‌ను, ‘డీఇన్‌పుట్8.డీఎల్ఎల్’ ఫైలును, ‘ఆర్ఈఫ్రేమ్‌వర్క్’ ఫోల్డర్‌ను వేరే చోటికి తరలించాలి.

3. ఆ తర్వాత ‘ప్రాపర్టీస్’లో ‘ఇన్‌స్టాల్డ్ ఫైల్స్’ విభాగానికి వెళ్లి, ‘వెరిఫై ఇంటిగ్రిటీ ఆఫ్ గేమ్ ఫైల్స్’ను నొక్కాలి. స్టీమ్ తన జాబితాలోని ప్రతి ఫైలునూ సరిచూసి, తేడా ఉన్న భాగాలనే తిరిగి దించుకుంటుంది. పరిమిత డేటాతో నెట్టుకొచ్చేవారికి ఇది మొత్తం గేమ్‌ను మళ్లీ దించుకోవడం కన్నా ఎంతో మేలు.

4. మాడ్‌లు ఏవీ లేకుండా గేమ్‌ను ఒకసారి తెరవాలి. శిక్షణ విభాగంలో ఒక ఆట ఆడి, అంతా సవ్యంగా ఉందని నిర్ధారించుకోవాలి. ఇక్కడే సమస్య కనిపిస్తే దానికి మాడ్‌లు కారణం కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్ వంటి ఇతర కారణాలను పరిశీలించాలి.

5. మాడ్ మేనేజర్‌ను తెరిచి, గేమ్ మూటలను మళ్లీ చదవమని చెప్పే ‘రీ-రీడ్ గేమ్ ఆర్కైవ్స్’ ఎంపికను వాడాలి. దీంతో మేనేజర్ కొత్త ప్యాచ్ మూటలను కూడా తన లెక్కలోకి తీసుకుంటుంది. ఈ మెట్టును దాటవేస్తే అది పాత సూచికల ఆధారంగానే పనిచేస్తుంది. మాడ్ చేర్చినట్టే కనిపించినా గేమ్‌లో ఫలితం ఉండదు.

6. తర్వాతే మాడ్‌లను చేర్చాలి. ఆర్ఈ ఫ్రేమ్‌వర్క్ అవసరమైనవారు పాత ఫైలును వెనక్కి తేకుండా, అప్‌డేట్ తేదీ తర్వాత వెలువడిన కొత్త వెర్షన్‌ను తీసుకోవాలి. దాంతో గేమ్ తెరుచుకుంటే, దుస్తుల మాడ్‌లను ఒక్కొక్కటిగా చేర్చుతూ ప్రతిసారీ గేమ్‌ను పరీక్షించాలి.

రెండో మెట్టును విస్మరించడమే ఎక్కువమంది ఇబ్బందులకు మూలం. స్టీమ్ సరిచూసేది తన జాబితాలోని ఫైళ్లను మాత్రమే. జాబితాలో లేని అదనపు ఫైళ్లను అది తొలగించదు. అందువల్ల ‘ఫైళ్లన్నీ సరిగా ఉన్నాయి’ అని స్టీమ్ చెప్పిన తర్వాత కూడా పాత డీఎల్ఎల్ అక్కడే ఉండి గేమ్‌ను మూయిస్తూనే ఉంటుంది.

ఇంకా సమస్య తీరకపోతే?

మాడ్‌లు ఎక్కువ ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా పరీక్షించడం దుర్భరం. వాటిని రెండు సగాలుగా విభజించి, ఒక సగాన్ని మాత్రమే చేర్చి చూడాలి. గేమ్ చెడితే దోషి ఆ సగంలో, లేకుంటే రెండో సగంలో ఉంటుంది. దోషి ఉన్న సగాన్ని మళ్లీ రెండుగా విభజించాలి. ఈ పద్ధతిలో 32 మాడ్‌లలో చెడిన ఒక్కదాన్ని ఐదు పరీక్షల్లో పట్టుకోవచ్చు.

రెండు మాడ్‌లు ఒకే ఫైలును మార్చితే చివరగా చేర్చినదే నిలుస్తుంది. ఒకే పాత్ర, ఒకే దుస్తుల సంఖ్యపై రెండు మాడ్‌లు పెట్టుకున్నవారు ముందు ఈ విషయం చూసుకోవాలి. మాడ్ వివరణలో చివరి సవరణ తేదీ అప్‌డేట్ కన్నా పాతదైతే, రూపకర్త కొత్త వెర్షన్ ఇచ్చేవరకు దాన్ని పక్కన పెట్టడమే మార్గం.

ఈ తొందరలోనే భద్రతా ప్రమాదం పొంచి ఉంటుంది. అప్‌డేట్ రోజున ‘వెంటనే పనిచేసే కొత్త వెర్షన్’ అంటూ గుర్తుతెలియని లింకులు తిరుగుతుంటాయి. దుస్తుల మాడ్‌లో సాధారణంగా ఉండేవి చిత్రాలు, ఆకృతుల ఫైళ్లే. అందులో నేరుగా నడిచే ‘ఈఎక్స్ఈ’ ఫైలు ఉంటే అనుమానించాలి. యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపివేయాలని కోరే సూచనలను పాటించకూడదు. పనిముట్లను వాటి రూపకర్తలు స్వయంగా నిర్వహించే చోటి నుంచే తీసుకోవాలి.

ఆన్‌లైన్ పోటీలో మాడ్‌లు

ఫైటింగ్ గేమ్‌లో కాలాన్ని ఫ్రేమ్‌లలో కొలుస్తారు. సెకనుకు 60 ఫ్రేమ్‌లు. ‘స్ట్రీట్ ఫైటర్ 6’ ఆన్‌లైన్ పోటీ ‘రోల్‌బ్యాక్’ పద్ధతిలో జరుగుతుంది. అంటే ఇద్దరు ఆటగాళ్ల కంప్యూటర్ల మధ్య ప్రయాణించేది ప్రధానంగా ఎవరు ఏ బటన్ నొక్కారన్న సమాచారమే. పోరును ఎవరి కంప్యూటర్ వారికే లెక్కగడుతుంది. ప్రత్యర్థి సమాచారం ఆలస్యంగా వస్తే, కంప్యూటర్ ఊహించి ముందుకు సాగి, ఊహ తప్పితే కొన్ని ఫ్రేమ్‌లు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది.

ఈ ఏర్పాటు వల్ల రెండు పర్యవసానాలు ఉన్నాయి. దుస్తుల మాడ్ మన తెరపైనే కనిపిస్తుంది, ప్రత్యర్థికి మామూలు దుస్తులే కనిపిస్తాయి. కానీ దెబ్బల లెక్కలను తాకే మార్పు ఏదైనా ఉంటే రెండు కంప్యూటర్ల లెక్కలు వేరుపడి, పోరు అర్ధాంతరంగా తెగిపోతుంది. అది ఎదుటివారి సమయాన్ని, శ్రమను దెబ్బతీయడమే. ప్రత్యర్థి కదలికలను చదివి తానే స్పందించే సాఫ్ట్‌వేర్ అయితే సందేహం లేకుండా మోసం కిందికే వస్తుంది. ర్యాంక్ పోటీల్లోకి వెళ్లే ముందు శిక్షణకు ఉద్దేశించిన మాడ్‌లన్నీ తీసివేయడం కనీస మర్యాద, ఖాతాకు రక్షణ కూడా.

అలంకార మాడ్‌లు సైతం ఇబ్బంది కలిగించగలవు. 2023లో ఒక ‘స్ట్రీట్ ఫైటర్ 6’ టోర్నమెంట్ ప్రత్యక్ష ప్రసారంలో, మాడ్ ఉన్న కంప్యూటర్‌ను వాడటంతో చున్-లీ పాత్ర వివస్త్రగా వీక్షకులకు కనిపించింది. ఈ ఉదంతం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. పోటీలకు, ప్రసారానికి వాడే కంప్యూటర్‌లో మాడ్‌లు అసలు ఉండకూడదన్న నియమానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఇది మన దేశ ఆటగాళ్లకూ వర్తించే విషయమే. ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో గుర్తించింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పతక క్రీడగా ఉండగా, భారత క్రీడాకారులు అందులో పాల్గొన్నారు. ఐచి-నగోయా 2026 ఆసియా క్రీడల ఈ-స్పోర్ట్స్ జాబితాలో ‘స్ట్రీట్ ఫైటర్ 6’కు చోటు దక్కింది.

సంస్థ వైఖరి, వినియోగదారుల అనుభవం

మాడ్‌ల పట్ల క్యాప్‌కామ్ వైఖరి ఏకపక్షమైనది కాదు. 2023 అక్టోబరులో ఆ సంస్థ సాంకేతిక నిపుణులు ఇచ్చిన ప్రసంగంలో, మోసాల నిరోధం దృష్టితో చూస్తే అన్ని మాడ్‌లనూ చీట్‌ల కిందే పరిగణిస్తామని చెప్పారు. అదే సమయంలో చాలా మాడ్‌లు గేమ్‌కు మేలు చేయగలవని కూడా అంగీకరించారు. సంస్థ ప్రతిష్ఠకు భంగం, మాడ్‌ల వల్ల తలెత్తే సమస్యలకు సమాధానం చెప్పుకోవడానికి అయ్యే వ్యయం వారి ప్రధాన అభ్యంతరాలు.

నియంత్రణ ప్రయత్నాలు సంస్థకే ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2016 సెప్టెంబరులో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ అప్‌డేట్‌తో పాటు, మోసాలను అరికట్టే ఉద్దేశంతో ఒక డ్రైవర్ ఫైలును క్యాప్‌కామ్ చేర్చింది. అది విండోస్ అంతర్భాగంలో అత్యున్నత అధికారాలతో నడిచేది. ఏ సాధారణ ప్రోగ్రామ్ అయినా దాని ద్వారా ఆ అధికారాలను పొందగలదని భద్రతా పరిశోధకులు వెంటనే గుర్తించారు. విమర్శల నేపథ్యంలో సంస్థ కొద్ది రోజుల్లోనే ఆ మార్పును ఉపసంహరించుకుంది. 2024 జనవరిలో ‘రెసిడెంట్ ఈవిల్ రెవలేషన్స్’కు చేర్చిన కొత్త రక్షణ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ గేమ్ పనితీరు దెబ్బతిన్నదన్న ఫిర్యాదులతో అదే జరిగింది. అధికారిక అప్‌డేట్ అయినంత మాత్రాన దానిలో ఏముందో తెలుసుకునే హక్కును వినియోగదారులు వదులుకోనవసరం లేదని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

చట్టం ఏం చెబుతోంది?

భారత కాపీరైట్ చట్టం, 1957లో మాడ్‌ల ప్రస్తావన నేరుగా లేదు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి, అది ఏ ప్రయోజనానికి ఇచ్చారో దానికోసం నకలు లేదా అనుసరణ చేసుకోవడాన్ని, నష్టం నుంచి రక్షణగా బ్యాకప్ తీసుకోవడాన్ని 52(1)(ఏఏ) నిబంధన అనుమతిస్తోంది. మరోవైపు, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ నేరంగా పరిగణిస్తోంది. దీనికి రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు.

కొన్న గేమ్‌లో సొంత వినోదానికి దుస్తుల రంగు మార్చుకోవడం ఒక సంగతి. డబ్బు చెల్లించి పొందవలసిన పాత్రలను, దుస్తులను మాడ్ పేరుతో ఉచితంగా తెరుచుకోవడం పూర్తిగా వేరే సంగతి. రెండోది పైరసీయే. వీటితో పాటు గేమ్ కొనేటప్పుడు అంగీకరించే లైసెన్స్ షరతులు కూడా ఉంటాయి. డిజిటల్ ఉత్పత్తిని కొనడమంటే దాన్ని వాడుకునే లైసెన్స్ పొందడమేనని స్టీమ్ 2024 అక్టోబరు నుంచి కొనుగోలు సమయంలోనే స్పష్టంగా తెలియజేస్తోంది.

ఫైటింగ్ గేమ్ ఏళ్ల తరబడి మారుతూ ఉండే ఉత్పత్తి. ప్రతి కొత్త యోధుడి రాకతోనూ మాడ్‌ల పని కొంతవరకు మళ్లీ మొదటికి వస్తుంది. అప్‌డేట్ వచ్చిన మొదటి కొద్ది రోజులు గేమ్‌ను మాడ్‌లు లేకుండా ఆడుకుని, ఆర్ఈ ఫ్రేమ్‌వర్క్ వంటి పనిముట్ల కొత్త వెర్షన్లు వెలువడ్డాక పైన చెప్పిన వరుసలో వాటిని చేర్చుకోవడం అన్నివిధాలా సురక్షితం.